గోదావరి చిత్రకారుడు శ్రీ దామెర్ల రామారావు

ఉగాది మనకు పంచాంగంలో కంటె ముందుగా చెట్టు మీద కనిపిస్తుంది. వేప పూత పూసి, మామిడి పిందె దిగితే తప్ప పచ్చడి కలుపుకోవడానికి వీలులేని పండుగ మనది. అటువంటి పండుగకు వెలువడే ఈ సంచికలో, చెట్టునూ ఏటినీ కొండనూ కళ్ళారా చూచి, చూచినదాన్ని నీటిరంగులలో నిలిపి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే కన్నుమూసిన ఒక ఆంధ్రుణ్ణి తలచుకోవడం సముచితమని తోచింది. ఆయనే రాజమహేంద్రవర వాస్తవ్యులు శ్రీ దామెర్ల రామారావుగారు.

పొన్నేరిలో కాపురమున్న మనకు రాజమహేంద్రవరం తెలియని ఊరు కాదు. మన స్టేషను మీదుగా గూడూరు వైపు సాగిపోయే రైలుదారే నెల్లూరు, బెజవాడ దాటి గోదావరి ఒడ్డుకు చేరుతుంది. ఆ నది మీద హేవ్‌లాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో రైళ్ళ రాకపోకలకు సిద్ధమయింది. రామారావుగారు పుట్టినదీ 1897లోనే, మార్చి 8వ తేదీన. తెలుగు లెక్కలో దుర్ముఖి నామ సంవత్సరపు చివరి రోజులవి. వంతెనా పిల్లవాడూ ఒక్క ఊళ్ళో ఒక్కసారే ఎదిగారన్నమాట. మనలో చాలామందికి గోదావరి అంటే రైలు కిటికీలోనుంచి కాసు విసిరి దండం పెట్టుకునే తల్లి. ఆ ఒడ్డున పెరిగే పిల్లవానికి మాత్రం అది నెలకొక రంగులో కనిపించే నీరు. ఆషాఢ శ్రావణాలలో ఎర్రమట్టి కలిసిన వరద వస్తుంది. మాఘం నాటికి అదే నీరు తేరుకుని నీలంగా నిలుస్తుంది. ఎండలు ముదిరితే ఇసుక తిన్నెల మధ్య సన్నని పాయలు, లంకలలో పచ్చని పైరు, వాటిపైన ఏ రంగూ లేని ఆకాశం మిగులుతాయి. ఎగువకు పడవ ఎక్కిపోతే పాపికొండలు రెండు వైపుల నుంచీ నదిని నొక్కిపట్టి ఉంటాయి.

ఇవన్నీ అక్కడ పుట్టిన ప్రతివాడూ చూస్తాడు. చూచినవి బొమ్మ వేయదగినవని పిల్లవానికి చెప్పేవారు ఒకరు కావాలి. ఆ చెప్పినవారు పరదేశీయులు కావడం విశేషం. ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు రాజమహేంద్రవరం కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయన స్వయంగా కవి, చిత్రకారుడు. పాఠాల గంటతో ఆయన పని ముగిసేది కాదు. విద్యార్థులను చేరదీసి, వారిలో ఎవరి చేతికి ఏ విద్య అబ్బుతుందో కనిపెట్టి, వారిని ఆ దారికి మళ్ళించేవారు. అడివి బాపిరాజుగారు, కవికొండల వేంకటరావుగారు ఆయన నీడలో మెలగినవారే. రామారావు చేతిలోని గీతను గుర్తించినదీ ఆయనే. తమ ఊరి కొండలనూ మనుషులనూ వదలి ఎక్కడివో బొమ్మలు చూచి నకలు తీసే అలవాటు అప్పటి చిత్రలేఖనం క్లాసులలో ఉండేది. ఆ అలవాటు నుంచి ఈ పిల్లవాణ్ణి తప్పించిన పుణ్యం చాలవరకు ఆ దొరగారిదే. చెవుడు ముదరడంతో ఆయన 1919లో ఉద్యోగం విడిచి స్వదేశం వెళ్ళిపోయారు.

కూల్డ్రేగారి ప్రోత్సాహంతోనే 1916లో రామారావుగారు బొంబాయి వెళ్ళి జె. జె. చిత్రకళాశాలలో చేరారు. చిత్రలేఖనంతో బ్రతుకు గడుస్తుందా అని పెద్దలు సందేహించే కాలమది. గోదావరి జిల్లా కుర్రవాడు బొంబాయిలో నాలుగేళ్ళు ఉండడం ఆ రోజుల్లో చిన్న ప్రవాసం కాదు. భాష వేరు, తిండి వేరు, సముద్రం వేరు. ఆ కళాశాలలో పాశ్చాత్య పద్ధతి పట్టుదలగా నేర్పేవారు. మనిషి ఒంటి కొలత, వెలుగు పడే వైపు, నీడ పడే వైపు, దూరం పోయేకొద్దీ వస్తువు చిన్నదయ్యే లెక్క, ఇవన్నీ చేతికి వచ్చేవరకు దిద్దించేవారు. రామారావుగారు 1920లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. గుజరాతీ చిత్రకారులు రవిశంకర రావళ్‌గారితో మైత్రి కలిసిందీ ఆ కాలంలోనే.

చదువు ముగిసిన పిమ్మట అంతటి చేతివాటం ఉన్నవానికి బొంబాయిలోనే నాలుగు డబ్బులు సంపాదించుకునే మార్గాలు లేకపోలేదు. సంపన్నుల రూపచిత్రాలు వేసుకుంటూ హాయిగా ఉండిపోవచ్చు. ఆయన రాజమహేంద్రవరానికే తిరిగివచ్చారు. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పుకోవాలి. రామారావుగారు ఊరు విడిచిపెట్టి ఉండకపోతే గోదావరిని అలా వేసి ఉండేవారు కారు. పుట్టినప్పటినుంచి కంటి ఎదుట ఉన్నదాన్ని మనం చూడము, దాని మధ్య తిరుగుతాము, అంతే. నాలుగేళ్ళు దూరంగా ఉండి, వేరొక వెలుగులో వేరొక నేలను గీసివచ్చిన చేతికి సొంత ఊరి తాటిచెట్టు కొత్తగా కనిపించింది. పొట్టకూటికై ఊరు విడిచివచ్చిన మనవంటి కుటుంబాలు ఆయన తిరిగిరావడాన్నే పొగిడి తమను తాము నిందించుకోనక్కరలేదు. ఆయన వెళ్ళడంలో కూడా ఫలం ఉన్నది.

ఆ రోజుల్లో మన దేశంలో చిత్రకళకు రెండు దారులుండేవి. బొంబాయిది పాశ్చాత్య మార్గం. కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరుగారు, ఆయన శిష్యులు దేశీయ మార్గాన్ని పునరుద్ధరిస్తూ ఉండేవారు. జపాను చిత్రకారుల సహవాసంతో వచ్చిన వాష్ పద్ధతిని వారు వాడేవారు. రంగు వేసిన కాగితాన్ని నీటిలో తడిపి, ఆరబెట్టి, మళ్ళీ రంగు వేస్తూ పోతే బొమ్మ అంతటా పొగమంచు కమ్మినట్లు ఒక మెత్తదనం వస్తుంది. మన బాపిరాజుగారు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయగారి వద్ద నేర్చినది ఈ వంగ సంప్రదాయమే. రామారావుగారు ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా లొంగలేదు. అజంతా గోడల మీది గీతను ఆరాధించారు, బొంబాయిలో నేర్చిన అంగ పరిజ్ఞానాన్ని వదులుకోలేదు. రంగులు మాత్రం గోదావరి జిల్లావే. మన ప్రాంతపు ఎండ పొగమంచులా ఉండదు గదా! అంచులు స్పష్టంగా కనిపిస్తాయి, ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఆయన బొమ్మలలోని గీత తేటగా ఉండడానికి ఈ ఎండ కూడా ఒక కారణమని నేననుకుంటాను.

నీటిరంగుల సంగతి తెలియని పాఠకులకు రెండు మాటలు. తైలవర్ణాలలో తప్పు పడితే దాని మీద మరొక పూత వేసి కప్పవచ్చు. నీటిరంగులో ఆ వీలు తక్కువ. అందులో తెలుపు అంటే కాగితమే. వెలుగు ఉండవలసిన చోటును కుంచె తాకకుండా ముందే వదలిపెట్టాలి. తడిగా ఉన్నప్పుడు ఒక రంగు మరొక రంగులోకి పాకుతుంది, ఆరిన తరువాత అంచు గట్టిపడుతుంది. మన ఎండలకు ఆ తడి నిలిచేది కొన్ని నిమిషాలే. కాబట్టి చూడడమంతా ముందే అయిపోవాలి, కాగితం ముందు కూర్చుని ఆలోచించడానికి వ్యవధి ఉండదు. మన ఆరణి ఏరు సాగే వైపు, పులికాట్ సరస్సు ఒడ్డున చలికాలం తెల్లవారుజామున నిలబడి చూచినవారికి ఈ చిక్కు తెలుస్తుంది. నీటికీ ఆకాశానికీ మధ్య గీత ఉండదు. దూరాన బారులు తీరిన ఫ్లెమింగో పక్షులు మొదట లేత గులాబీ చారలా కనిపించి, ప్రొద్దెక్కేకొద్దీ కాళ్ళూ మెడలూ తెలుస్తాయి. పావుగంటలో దృశ్యమంతా మారిపోతుంది. దాన్ని పట్టాలంటే అంతకుముందు ఎన్నో ఉదయాలు చూచి ఉండాలి.

రామారావుగారు ఆ చూపును స్కెచ్చి పుస్తకాలలో సాధన చేశారు. కొండలు, చెట్లు, పశువులు, మనుషుల నిలుపు అన్నీ అక్కడ గీసుకున్నవే. పౌరాణిక విషయం తీసుకున్నప్పుడు కూడా ఆ పుస్తకాల చదువే ఆయనకు పనికివచ్చింది. ఋష్యశృంగుణ్ణి అడవిలో వేశ్యలు మోహపెట్టిన కథను చిత్రించినా, సిద్ధార్థుని రాగోదయం వేసినా, స్త్రీలు పూలతో అలంకరించుకునే పుష్పాలంకరణం వేసినా, ఆ ఒంటి తీరు, చీరకట్టు, చుట్టూ ఉన్న ఆకులు మనం ఎరిగినవే. ఋష్యశృంగ చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనంలో బహుమానం వచ్చింది. అప్పటి వైస్రాయి లార్డ్ రీడింగు ఆయన ప్రకృతి దృశ్యం ఒకటి ఇష్టపడి కొనుక్కున్నారు. 1924లో లండను వద్ద వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనానికి కూడా ఆయన చిత్రాలు వెళ్ళాయి. బిరుదుల పట్టిక ఇంతటితో చాలు.

వీటికంటె నాకు ముఖ్యంగా తోచేది ఆయన ఇంటి సంగతి. రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పి, తాను నేర్చినదాన్ని ఊరివారికి పంచిపెట్టారు. ఆ పంపకం ఇంట్లో ఆడవారిని దాటిపోలేదు. భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు ఇద్దరూ చిత్రకారిణులయ్యారు. నూరేళ్ళ క్రితం మన ఇళ్ళలో స్త్రీలకు ముగ్గుపిండి తప్ప వేరే రంగు దొరకని రోజుల్లో ఇది సామాన్యమైన పని కాదు.

రక్తాక్షి సంవత్సరం మాఘమాసంలో ఆయనకు మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రాజమహేంద్రవరంలోనే పరమపదించారు. ఈ లోకంలో ఇప్పుడు ఆ వ్యాధే లేదు. అప్పుడది ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టేది. బొంబాయి నుంచి తిరిగివచ్చి అయిదేళ్ళు కూడా నిండలేదు. ఆ ఏటి ఉగాదికి వాకిట మామిడాకులు కట్టవలసిన ఇల్లు మైల పట్టి ఉన్నది. ఆయన విడిచిపెట్టిపోయిన ఆస్తి లెక్క ఇది: 129 నీటిరంగుల చిత్రాలు, 34 తైలవర్ణ చిత్రాలు, 28 స్కెచ్చి పుస్తకాలు, ఇవిగాక విడి కాగితాల మీద వందలకొద్దీ గీతలు. మనలో చాలామంది ఉద్యోగంలో కుదురుకునే వయస్సుకు ఆయన ఇంత పని ముగించారు.

చిత్రకారుడు పోతే ఇంట్లో మిగిలిన కాగితాలు సాధారణంగా చెదలపాలవుతాయి. ఇక్కడ అలా కాలేదు. ఆయన మిత్రులు, చిత్రకారులు వరదా వెంకటరత్నంగారు కళాశాలను నిలబెట్టి, మరొక తరానికి కుంచె పట్టడం నేర్పారు. సత్యవాణిగారు, బుచ్చికృష్ణమ్మగారు చిత్రాలను చెదరిపోనివ్వలేదు. అమ్ముకుంటే వేరువేరు గోడల మీదికి పోయేవి గదా. అవి ఒక్కచోట ఉండడం వల్లనే ఈనాటికీ ఆయన చేయి ఏ ఏట ఎటు తిరిగిందో వరుసగా చూడగలుగుతున్నాము. దామెర్ల రామారావు స్మారక చిత్రశాల రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గరలోనే ఉన్నది. నీటిరంగుకు ఎండా చెమ్మా రెండూ శత్రువులే, వందేళ్ళ కాగితానికి మరీ. అటు వైపు పెళ్ళికో పేరంటానికో వెళ్ళే మన సభ్యులు ఒక పూట మిగుల్చుకుని, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి. ముందు గట్టు మీద కాసేపు నిలబడి నదిని చూచి, ఆ తరువాత లోపలికి వెళితే చిత్రాలు ఇంకా బాగా అర్థమవుతాయి.