సేనాని యోర్క్

సైనికునికి ఆజ్ఞాపాలనమే పరమధర్మం. పై అధికారి ముందుకు నడవమంటే నడవడం, ఆగమంటే ఆగడం అతని వృత్తిలోని మొదటి పాఠం. పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో ఈ పాఠాన్ని ప్రష్యా రాజ్యమంత కఠినంగా నేర్పిన రాజ్యాలు అరుదు. నేటి జర్మనీ, పోలండు దేశాలలోని విశాల భూభాగాలపై విస్తరించిన ఆ రాజ్యంలో కులీన వంశాల బిడ్డలు మీసాలు మొలవకముందే సైన్యంలో చేరేవారు. రాజు మాటే వారికి వేదం. అటువంటి సైన్యంలో పెరిగి తల నెరిసిన ఒక సేనాని, 1812 సంవత్సరాంతపు మంచులో, రాజాజ్ఞ లేకుండానే ఎదిరిపక్షంతో ఒడంబడిక చేసుకున్నాడు. ఆ ఒక్క సంతకం తన శిరస్సును తీయించగలదని ఆయనకు తెలుసు. ఆయనే యోహాన్ డేవిడ్ లుడ్విగ్ యోర్క్.

యోర్క్ 1759 సెప్టెంబరు 26న పోట్స్‌డామ్ నగరంలో జన్మించాడు. తండ్రి ప్రష్యా సైన్యంలో అధికారి. పొమరేనియా ప్రాంతపు కులీన వంశం తమదని ఆ కుటుంబం చెప్పుకొనేది. వంశగౌరవమే తప్ప సిరిసంపదలు లేని ఇల్లు అది. 1772లో, పదమూడేళ్ళ ప్రాయంలో, యోర్క్ సైన్యంలో ప్రవేశించాడు. ఆయనను తీర్చిదిద్దిన గురుకులం సైనిక శిబిరమే.

యౌవనంలోనే ఆయన స్వభావాన్ని లోకానికి చాటిన సంఘటన ఒకటి జరిగింది. 1778-79లో ప్రష్యాకూ ఆస్ట్రియాకూ మధ్య బవేరియా వారసత్వ యుద్ధం నడిచింది. ఆ దండయాత్రలో ఒక పై అధికారి చర్చిలోని పూజాపీఠపు వస్త్రాన్ని అపహరించాడనీ, దానిని సహించలేని యోర్క్ అందరి ఎదుట అతనిపట్ల తన ఏవగింపును ప్రదర్శించాడనీ చరిత్రకారులు చెబుతారు. దోచుకున్నవాడు తప్పు చేశాడా లేదా అన్న ప్రశ్న కన్నా, కిందివాడు పైవానిని ధిక్కరించాడన్న నేరమే సైనిక న్యాయస్థానానికి పెద్దదిగా కనిపించింది. యోర్క్‌కు కోటలో కారాగారవాసం, ఉద్యోగం నుండి బహిష్కారం శిక్షలుగా లభించాయి.

స్వదేశంలో దారులు మూసుకుపోగా, 1781లో ఆయన డచ్చివారి కొలువులో చేరాడు. స్విట్జర్లాండుకు చెందిన డి మ్యూరాన్ స్థాపించిన పటాలంలో కెప్టెన్‌గా ఆఫ్రికా దక్షిణాగ్రంలోని కేప్ ప్రాంతానికి వెళ్ళాడు. 1783-84లో తూర్పు ఇండీస్ సైనిక చర్యలలో పాల్గొన్నాడు. ఆయన విడిచి వెళ్ళిన చాలా ఏళ్ళకు ఇదే పటాలం ఆంగ్లేయుల పక్షాన చేరి, 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో టిప్పు సుల్తానుపై పోరాడడం మన దేశ చరిత్రలోని విషయమే. సముద్రాలు దాటినా యోర్క్ మనస్సు మాత్రం ప్రష్యాపైనే ఉండేది. 1785లో తిరిగివచ్చి మళ్ళీ కొలువు అర్థించాడు. ఫ్రెడరిక్ మహారాజు జీవించి ఉన్నంతకాలం ఆ విన్నపం ఫలించలేదు. 1786లో రాజు మరణించాక, మరుసటి ఏడాది యోర్క్‌కు సైన్యంలో స్థానం దొరికింది.

అక్కడి నుండి ఆయన మెట్టు మెట్టుగా ఎదిగాడు. 1794లో పోలండు యుద్ధంలో పాల్గొన్నాడు. 1799లో యేగర్లు అనే తేలిక పదాతి దళానికి నాయకుడయ్యాడు. ఆనాటి పదాతిదళాలు భుజం భుజం కలిపి వరుస చెదరకుండా నడిచి పోరాడేవి. యేగర్లు అలా కాక, చెట్ల చాటునా గట్ల వెనుకా పొంచి, ఎవరి విచక్షణతో వారు గురిచూసి కాల్చేవారు. కఠిన క్రమశిక్షణకు మారుపేరైన యోర్క్ స్వతంత్రంగా ఆలోచించే సైనికుని తయారుచేయడంలో నేర్పరి కావడం విశేషం.

1806లో నెపోలియన్ ప్రష్యాపై విరుచుకుపడ్డాడు. అక్టోబరు 14న యేనా, ఔఎర్‌స్టెట్ యుద్ధాలలో ప్రష్యా సైన్యం ఒక్కనాటిలో చితికిపోయింది. ఆ పరాభవ సమయంలో, అక్టోబరు 26న ఆల్టెన్‌సౌన్ వద్ద యోర్క్ తన యేగర్లతో ఫ్రెంచివారిని నిలువరించి, వెనుదిరిగిన సేన ఎల్బే నది దాటడానికి వ్యవధి కల్పించాడు. కొద్దిరోజులకే ల్యూబెక్ నగరంలో గాయపడి బందీ అయ్యాడు. 1807లో జరిగిన టిల్సిట్ సంధి వల్ల ప్రష్యా తన భూభాగంలో దాదాపు సగం కోల్పోయింది. మరుసటి ఏడాది నెపోలియన్ దాని సైన్యాన్ని 42,000 మందికి పరిమితం చేశాడు.

ఈ పతనం నుండి దేశాన్ని లేవనెత్తడానికి మంత్రి స్టైన్, సేనానులు షార్న్‌హోర్స్ట్, గ్నైసెనౌ సంస్కరణలు ప్రారంభించారు. దాస్య విమోచనం, అధికారి పదవులలో ప్రతిభకు చోటు వంటివి వారి ఆశయాలు. యోర్క్ వాటిని మెచ్చలేదు. కులీనుల హక్కులు సడలితే రాజ్యపు పునాదులే కదులుతాయని ఆయన నమ్మకం. 1808లో స్టైన్ పదవి కోల్పోయినప్పుడు ఆయన సంతోషించాడు కూడా. మాటలో కాఠిన్యం, ముఖంలో గాంభీర్యం గల ఆయనను సైనికులు జంతుకథలలోని తోడేలు పేరుతో ముసలి ఇసెగ్రిమ్ అని పిలుచుకునేవారు.

1812లో నెపోలియన్ రష్యాపై దండెత్తాడు. ఓడిన ప్రష్యా అతనికి 20,000 మంది సైనికులను పంపక తప్పలేదు. ఆ సేన మార్షల్ మాక్డొనాల్డ్ కింద రీగా నగరం వైపు నడిచింది. మొదటి నాయకుడు గ్రావెర్ట్ అనారోగ్యం పాలుకాగా యోర్క్ దానికి అధిపతి అయ్యాడు. డిసెంబరు నాటికి నెపోలియన్ మహాసేన చలికీ ఆకలికీ రష్యన్ల దాడులకూ నశించింది. మాక్డొనాల్డ్ కూడా వెనుదిరిగాడు. వెనుకగా వస్తున్న యోర్క్ సేనకూ మాక్డొనాల్డ్‌కూ నడుమ రష్యన్ సేనాని డీబిచ్ అడ్డు నిలిచాడు.

డీబిచ్ దగ్గర ఉన్న సైన్యం స్వల్పమే. పోరాడితే యోర్క్ దారి చేసుకోగలడు. కానీ ఎవరి కోసం పోరాడాలి? రాజుకు నెపోలియన్‌తో మైత్రీబంధం ఉంది. ఆ బంధం బలవంతానిదని లోకానికంతటికీ తెలుసు. రాజు ఉద్దేశం తెలుసుకోవడానికి యోర్క్ బెర్లినుకు దూతను పంపాడు. స్పష్టమైన సమాధానం రాలేదు. రష్యన్ల పక్షాన రాయబారం నడిపినవాడు క్లౌజ్‌విట్జ్. నెపోలియన్ కోసం పోరాడడానికి మనసొప్పక ప్రష్యా కొలువు వదిలి వెళ్ళిన ఆ అధికారే, తరువాతి కాలంలో యుద్ధశాస్త్రంపై ప్రసిద్ధ గ్రంథం రచించాడు. రోజుల తరబడి యోర్క్ తటపటాయించాడు. చివరకు 1812 డిసెంబరు 30న, నేటి లిథువేనియాలోని టౌరోగెన్ సమీపాన, పోషెరూన్ మరమిల్లు వద్ద ఒప్పందంపై సంతకం చేశాడు.

ఒప్పందం ప్రకారం యోర్క్ సేన తటస్థంగా ఉంటుంది. రాజు దీనిని తిరస్కరిస్తే సేన తన దారిన వెళ్ళవచ్చు. అయితే 1813 మార్చి 1 వరకు రష్యాపై ఆయుధమెత్తరాదు. రాజు ఎటు మొగ్గినా ఆయనకు దారి మిగిలేటట్లు యోర్క్ షరతులు కూర్చాడు. తనకు మాత్రం దారి ఉంచుకోలేదు. ఆజ్ఞ లేకుండా చేసిన పనికి తన తలనే బాధ్యతగా సమర్పిస్తున్నట్లు రాజుకు లేఖ రాశాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై మూడేళ్ళు.

చుట్టూ ఫ్రెంచి సైన్యం ఉన్న బెర్లినులో మూడవ ఫ్రెడరిక్ విలియం రాజుకు ఈ వార్త పిడుగుపాటయింది. ఆయన ఒప్పందాన్ని బహిరంగంగా తిరస్కరించి, యోర్క్‌ను పదవి నుండి తొలగించి, విచారించాలని ఆదేశించాడు. ఆ ఉత్తర్వు తెచ్చే అధికారిని రష్యన్లు దారిలోనే ఆపివేశారు. పత్రికలలో తన పదవీచ్యుతి వార్త చూసిన యోర్క్, ప్రష్యా సేనానులకు ఉత్తర్వులు పత్రికల ద్వారా రావని ప్రకటించి పదవిలో కొనసాగాడు. ఇంతలో కోనిగ్స్‌బర్గ్ నగరంలో తూర్పు ప్రష్యా ప్రతినిధుల సభ జరిగింది. రష్యన్ చక్రవర్తి ప్రతినిధిగా అక్కడికి వచ్చినవాడు మరెవరో కాదు, యోర్క్ ద్వేషించిన స్టైనే. ఇద్దరికీ పొసగకపోయినా, ఒకే ఆశయం కోసం పనిచేశారు. ప్రజాసైన్యాన్ని కూర్చడానికి ఆ సభ తీర్మానించింది. సామాన్యుల రాజకీయాన్ని ఎన్నడూ మెచ్చని కులీనుడు ప్రజల తిరుగుబాటుకు ద్వారం తెరిచాడు.

రాజు బ్రెస్లావ్ చేరుకుని, ఫిబ్రవరి 28న కాలిష్‌లో రష్యాతో సంధి చేసుకున్నాడు. మార్చిలో ఫ్రాన్స్‌పై యుద్ధం ప్రకటించాడు. అదే నెలలో యోర్క్ నిర్దోషి అని ప్రకటన వెలువడింది. నిన్నటి అపరాధి నేడు వీరుడయ్యాడు. ఆగస్టులో కాట్జ్‌బాఖ్ వద్ద, అక్టోబరు 3న ఎల్బే తీరంలోని వార్టెన్‌బర్గ్ వద్ద ఆయన సేన విజయం సాధించింది. అక్టోబరు 16న లైప్‌జిగ్ సమీపంలోని మోకెర్న్ గ్రామం కోసం జరిగిన పోరులో గెలుపు దక్కింది. కానీ అందుకు తన సైన్యంలో దాదాపు మూడోవంతును అర్పించవలసి వచ్చింది. 1814లో రాజు ఆయనకు వార్టెన్‌బర్గ్ కౌంట్ బిరుదు ప్రసాదించాడు. బీథోవెన్ 1809లో రచించిన ఒక సైనిక కవాతు సంగీతానికి తరువాత యోర్క్ పేరే స్థిరపడింది.

కీర్తి వెన్నంటే దుఃఖం కూడా వచ్చింది. 1815లో నెపోలియన్‌తో జరిగిన చివరి యుద్ధంలో యోర్క్‌కు వెనుక ఉండే రిజర్వు సేనాధిపత్యమే లభించింది. ఆ యుద్ధంలోనే ఆయన కుమారుడు హైన్రిక్ ప్రాణాలు కోల్పోయాడు. యోర్క్ సైన్యం విడిచి సైలీషియాలోని క్లైన్ ఓల్స్ ఎస్టేటులో శేషజీవితం గడిపాడు. 1821లో ఫీల్డ్ మార్షల్ హోదా ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. 1830 అక్టోబరు 4న అక్కడే కన్నుమూశాడు.

యోర్క్ ఆజ్ఞను తేలికగా తీసుకున్నవాడు కాడు. జీవితమంతా ఆజ్ఞాపాలనను బోధించినవాడు. అందుకే ఆయన ఉల్లంఘనకు అంత విలువ. స్వలాభం కోసం ఆజ్ఞ మీరినవాడు ఫలితాన్ని తాను అనుభవించి, నిందను ఇతరులపైకి నెడతాడు. యోర్క్ ఫలితాన్ని రాజుకూ దేశానికీ వదిలి, శిక్షను తన పేర రాసుకున్నాడు. యౌవనంలో పూజావస్త్రం కోసం కొలువు పోగొట్టుకున్న యువకుడే, వార్ధక్యం సమీపించిన వేళ దేశం కోసం తల ఒడ్డాడు. ఆ వంశపు గాథ అక్కడితో ముగియలేదు. 1944 జులై 20న హిట్లర్‌ను అంతమొందించడానికి జరిగిన ప్రయత్నంలో ఆయన వంశీయుడైన పీటర్ యోర్క్ భాగస్వామి అయ్యాడు. ఆగస్టు 8న బెర్లినులో ఉరికంబమెక్కాడు. పూర్వీకునికి దక్కిన క్షమాపణ అతనికి దక్కలేదు. ఇద్దరి ఎదుటా నిలిచిన ప్రశ్న మాత్రం ఒకటే: ఆజ్ఞ ఒక దారి, ధర్మం మరొక దారి చూపినప్పుడు మనిషి ఎటు నడవాలి? ఏ దారిని ఎంచుకున్నా దాని మూల్యం తానే చెల్లించడానికి సిద్ధపడినవాడికే ఆ ఎంపికకు అర్హత ఉన్నదని యోర్క్ జీవితం తెలుపుతున్నది.