సుంకం అడగని రేవు ఇల్లు
అన్నార్తులకు అమ్మగా నిలిచిన లంకల గన్నవరం ఇల్లాలు డొక్కా సీతమ్మ

పి.గన్నవరం: ఏరు దాటాలంటే కేవు చెల్లించాలి. కోనసీమలో ఇది తరతరాల ఆనవాయితీ. గోదావరి పాయలు, సముద్రం ఆవరించిన ఈ సీమలో అడుగడుగునా రేవులే. కాలువలపై నడిచే పడవలు, ప్రజల రాకపోకలకు వాడే రేవులపై సుంకం వసూలు చేసేందుకు మద్రాసు ప్రభుత్వం 1890లో ప్రత్యేకంగా ఒక చట్టాన్నే తెచ్చింది. అటువంటి దారుల నడుమ, బాటసారి వద్ద చిల్లిగవ్వ ఆశించక కడుపునిండా అన్నం పెట్టి సాగనంపిన ఇల్లొకటి లంకల గన్నవరంలో ఉండేది. ఆ ఇంటి ఇల్లాలే డొక్కా సీతమ్మ. ఆమె కన్నుమూసి శతాబ్దం దాటినా వైనతేయ గోదావరిపై అక్విడెక్టు ఆమె పేరుతోనే నిలిచి ఉంది.

బువ్వన్న ఇంటి బిడ్డ

సీతమ్మ 1841 అక్టోబరులో మండపేటలో అనుప్పిండి భవానీశంకరం, నరసమ్మ దంపతులకు జన్మించారు. ఆకలితో వచ్చినవారికి లేదనక బువ్వ పెట్టే గుణం వల్ల భవానీశంకరానికి ఊరివారు బువ్వన్న అనే పేరు పెట్టుకున్నారు. బాల్యంలోనే తల్లి మరణించడంతో ఇంటి బాధ్యత సీతమ్మపై పడింది. ఆడపిల్లకు బడి చదువు అందని ఆ రోజుల్లో ఆమె నేర్చిన విద్య అతిథిని ఆదరించడమే.

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న సంపన్న రైతు, వేదపండితులు. ఒక పర్యాయం ప్రయాణంలో ఉండగా మండపేట చేరేసరికి భోజనవేళ అయ్యింది. బువ్వన్న ఇంట అతిథిగా దిగిన ఆయన సీతమ్మ వినయాన్ని, ఆదరణను గమనించి ఆమెను వివాహమాడారు. అలా ఒక అన్నదాత ఇంటి నుంచి మరో అన్నదాత ఇంటికి ఆమె తరలివచ్చారు.

నీటికి దారి, మనుషులకు మజిలీ

అవి డెల్టా స్వరూపం మారుతున్న రోజులు. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పనులు ప్రారంభమై 1852 నాటికి పూర్తయ్యాయి. ఆ దశకంలోనే గన్నవరం వద్ద వైనతేయపై 40 అడుగుల వెడల్పు గల 49 ఖానాలతో అక్విడెక్టు నిర్మించి, నది మీదుగా కాలువ నీటిని నగరం దీవికి, అంటే నేటి రాజోలు ప్రాంతానికి తరలించారు. నదిపై నీటికి దారి ఏర్పడినా లంకల్లోని మనుషులకు మాత్రం పడవలు, కాలిబాటలే శరణ్యం.

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి వెళ్లే భక్తులు, పెళ్లి బృందాలు, కూలీలు ఈ దారుల వెంటే నడిచేవారు. దారిలో డబ్బిచ్చినా అన్నం దొరకని పల్లెలెన్నో. అలసి వచ్చినవారందరికీ జోగన్న ఇల్లే మజిలీ అయ్యింది. వేళ కాని వేళ తలుపు తట్టినా, ఏ కులమని అడగక సీతమ్మ వండి వడ్డించేవారు.

ఆగిన అంతర్వేది యాత్ర

సీతమ్మ గురించి ఈ ప్రాంత ప్రజలు నేటికీ చెప్పుకునే సంఘటన ఒకటుంది. అన్నదానంలో మునిగి ఏళ్ల తరబడి గడప దాటని ఆమె ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారు. మార్గమధ్యంలో ఒక పెళ్లి బృందం ఎదురైంది. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దలు ఊరడిస్తున్నారు. గన్నవరం దగ్గరలోనే ఉందని, సీతమ్మగారి ఇల్లు చేరితే కడుపునిండా అన్నం దొరుకుతుందని చెబుతున్న మాటలు ఆమె చెవిన పడ్డాయి. తాను ఇంట లేకపోతే వారి గతి ఏమిటని తలచి, బోయీలను వెనక్కి మళ్లించి, ఆ బృందం కంటే ముందే ఇల్లు చేరి వంట సిద్ధం చేశారు. స్వామి దర్శనం అలా ఆగిపోయింది.

మరో రాత్రి గోదావరి వరదలో లంకపై చిక్కుకున్న వ్యక్తి ఆకలి కేకలు విని, భర్తతో కలిసి పడవలో అన్నం తీసుకువెళ్లి పెట్టారని కూడా చెబుతారు. ఏటి ఉద్ధృతి ఎరిగినవారికి ఆ సాహసం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

కరిగిన ఆస్తి, తరగని కీర్తి

నిత్యాన్నదానం ఊరికే సాగదు. ఏటేటా పొయ్యి మండుతుంటే గాదెలు వట్టిపోతాయి. కాలక్రమంలో డొక్కా వారి ఆస్తి కరిగిపోయిందని, అయినా సీతమ్మ తన వ్రతం మానలేదని పెద్దలు చెబుతారు. భార్య పట్టుదలకు జోగన్న అడ్డు చెప్పకపోవడం కూడా గమనించదగినదే.

ఆమె కీర్తి బ్రిటిష్ పాలకుల వరకు చేరింది. 1903 జనవరి 1న ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంగా ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ ఉత్సవానికి ఆహ్వానం అందినా, పొగడ్తల కోసం అన్నం పెట్టడం లేదంటూ సీతమ్మ ప్రయాణానికి అంగీకరించలేదని, చివరకు అధికారులు ఆమె ఛాయాచిత్రాన్ని తీయించి పంపారని జనశ్రుతి. దేవుని దర్శనానికి వెళ్తూ మార్గమధ్యంలోనే వెనుదిరిగిన ఇల్లాలు చక్రవర్తి సత్కారం కోసం గడప దాటకపోవడంలో వింత లేదు.

1909 ఏప్రిల్ 28న సీతమ్మ పరమపదించారు.

నేటికీ ఆమె పేరే

కాటన్ కాలం నాటి కట్టడానికి తోడుగా 2000 సంవత్సరంలో నిర్మించిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే ఖరారు చేసింది. అన్నపూర్ణ పేరును పిల్లల అన్నం పళ్లేనికి పెట్టడం సముచితమే. ఆ పళ్లెంలో పెట్టే అన్నం కూడా ఆ పేరుకు తగినట్లు ఉండాలన్నదే ఆమెకు అసలైన నివాళి.

2022 జులై వరదల్లో లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నప్పుడు బాధితులకు అన్నం, తాగునీరు మోసుకెళ్లింది పడవలే. సీతమ్మ నాటి గోదావరి ఇప్పటికీ అదే గోదావరి. గట్టుకు ఆవల ఆకలితో ఎదురుచూసేవారు ఉన్నంతకాలం, ఆమె కథ ఈ సీమకు గతించిన చరిత్ర కాబోదు.