ముఖశిల్పి హెరాల్డ్ గిల్లీస్

యుద్ధము ప్రాణములను హరించునని అందరెరుగుదురు. ప్రాణమును మిగిల్చి ముఖమును హరించుట అంతకంటె దారుణము. అట్టి అభాగ్యులను మరల మనుష్యులలో నిలిపిన శస్త్రవైద్యుడు సర్ హెరాల్డ్ గిల్లీస్.

ఆయన 1882లో న్యూజీలండునందలి డునెడిన్ పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, లండనులో చెవి, ముక్కు, గొంతు వైద్యమునందు పేరు గడించెను. 1915లో రెడ్‌క్రాస్ పక్షమున ఫ్రాన్సునకు పోయి, గుండ్ల దెబ్బలకు దవడలు, చెక్కిళ్లు ఎగిరిపోయిన సైనికులను చూచెను. ఆ దృశ్యము ఆయన జీవితమార్గమునే మార్చెను.

అంతవరకు వైద్యులు అనేకులు గాయపు అంచులను దగ్గరకు లాగి కుట్టివేయుచుండిరి. గాయము మానెడిది, కాని లోపల కండ లేనందున ముఖము గుంటపడి, వంకరపోయెడిది. భుజించుటయే దుర్లభమయ్యెడిది. గిల్లీస్ మిగిలిన భాగములను మొదట స్వస్థానమునకు చేర్చెడివాడు. అపుడుగాని లోపించినదెంతయో తెలియదు. పిమ్మట లోపలి పొరను, ఆధారమైన ఎముకను, పైచర్మమును వరుసగా పూరించెడివాడు. పల్లములు నింపుటకు రోగి శరీరమునందలి క్రొవ్వునే తీసి అమర్చుటయు కలదు; కాని రక్తము చాలక అందు కొంత కరగిపోయెడిది.

1917లో, జట్లండు నావికాయుద్ధమున ముఖము కాలిన నావికునకు చికిత్స చేయుచు, రొమ్మునుండి లేపిన చర్మపు పట్టీ అంచులు లోనికి చుట్టుకొనుట ఆయన గమనించి, దానిని గొట్టమువలె కుట్టెను. లోపల రక్తము ప్రవహించుచుండెను. చీముపట్టు భయము తగ్గెను. నుదుటి చర్మముతో ముక్కును నిర్మించు మన దేశపు ప్రాచీన పద్ధతిని కూడ ఆయన వినియోగించెను. ఈ పద్ధతి పూనా ప్రాంతపు వృత్తాంతముగా 1794లో లండను పత్రికయందు వెలువడి, పాశ్చాత్యులకు తెలిసినది.

అదే 1917లో సిడ్‌కప్‌నందు ప్రత్యేక వైద్యశాల వెలసెను. అచట 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు మించిన శస్త్రచికిత్సలు జరిగెను. ఒక్కొక్క ముఖమునకు నెలలు, సంవత్సరములు పట్టెడివి. వార్డులలో అద్దములుండెడివి కావు. ఊరికి పోవు దారిలో రోగులు కూర్చుండు బల్లలకు నీలిరంగు వేసిరి; పురజనులు వారిని చూచి ఉలికిపడకుండుటకై ముందు హెచ్చరిక అది.

గిల్లీస్ 1930లో సర్ బిరుదమునంది, 1960లో పరమపదించెను. నేడు వైద్యులు సూక్ష్మదర్శిని సాయమున రక్తనాళములను కలిపి కండను ఒకేసారి మార్చుచున్నారు. క్రొవ్వును సన్నని గొట్టములతో నింపుచున్నారు. సాధనములు మారినవి, పోయిన దానిని సజీవమైన దానితోనే పూరింపవలెనను సూత్రము మారలేదు. అయితే వైద్యుడు ముఖమును మాత్రమే సరిదిద్దగలడు. ఆ నీలి బల్లను దాటిపోవువారి చూపును సరిదిద్దుకొనుట మనవంతు.