దొర ఎదుట తలవంచని ఐలమ్మ

పాలకుర్తి: నిజాం జమానాలో ఈ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మాటే చట్టం. చేతి వృత్తులవారంతా గడీకి వెట్టి చేయాల్సిందే. రజక కుటుంబానికి చెందిన చిట్యాల ఐలమ్మ పాలకుర్తిలో నాలుగెకరాలు కౌలుకు సాగు చేసుకున్నారు, ఆంధ్రమహాసభ సంఘంలో చేరారు. అది గిట్టని దొర భూమి తనదంటూ కోర్టుకెక్కి ఓడిపోయాడు. పంట కోసుకురమ్మని మనుషుల్ని పంపాడు. సంఘం కార్యకర్తలు వారిని తరిమి, వడ్లను ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఇల్లు తగలబెట్టించినా ఆమె భూమి వదల్లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరగడంతో పోరు ఊరూరా పాకింది. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూశారు. హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ప్రభుత్వం ఆమె పేరు పెట్టింది.