మనసుకవి ఆత్రేయ

ఒక పాట జనం నోట నిలిచిందంటే దానికి ఆయుష్షు పెరుగుతుంది; అయితే దానిని రచించిన కవి పేరు క్రమంగా మరుగున పడుతుంది. మన జానపద గేయాలకు కర్తలెవరో నేడు మనకు తెలియదు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన తెలుగు సినిమా పాట నూరేళ్లు నిండకముందే ఆ దశకు చేరుకుంటున్నది. పాట వినగానే పాడిన గాయకుని గుర్తుపడతాం, తెరపై అభినయించిన నటుని గుర్తుచేసుకుంటాం. ఆ మాటలు కూర్చిన కవి ఎవరని అడిగితే మాత్రం చాలామంది మౌనం వహిస్తారు.

1960 దశాబ్దం తెలుగు సినిమా పాటకు పండుగకాలం. ఇంటింటా రేడియో లేని రోజులవి. పంచాయతీ కార్యాలయం ముందో, కాఫీ హోటలులోనో రేడియో మోగుతుంటే దాని చుట్టూ జనం మూగేవారు. మద్రాసు, విజయవాడ ఆకాశవాణి కేంద్రాల నుంచీ, సముద్రానికి ఆవలనున్న రేడియో సిలోన్ నుంచీ పాటలు వినవచ్చేవి. పెళ్లి పందిళ్లలో గ్రామఫోను రికార్డులు తిరిగేవి. ఘంటసాల, సుశీల గళాలలో ఆనాడు విన్న పాటలను ఇప్పటి తాతయ్యలూ నాయనమ్మలూ నేటికీ పొల్లుపోకుండా పాడగలరు. ఆ పాటలలో అనేకం నెల్లూరు సీమకు చెందిన ఒక కవి కలం నుంచి వెలువడ్డాయి. ఆయనే ఆచార్య ఆత్రేయ.

ఆత్రేయ అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. ఆయన 1921 మే 7వ తేదీన సూళ్లూరుపేట సమీపంలోని మంగళంపాడు గ్రామంలో జన్మించారు. తల్లి సీతమ్మ, తండ్రి కృష్ణమాచార్యులు. తన పేరు చివరనున్న ‘ఆచార్య’ శబ్దాన్నీ, తన గోత్రనామమైన ‘ఆత్రేయ’నూ కలిపి ఆయన కలం పేరుగా చేసుకున్నారు. ఆయన పుట్టిన నాటికి సూళ్లూరుపేట ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో అది తిరుపతి జిల్లాలో చేరింది. కాళంగి నది పులికాట్ సరస్సును చేరే తీరసీమ అది. ఒకవైపు ఉప్పునీటి కయ్యలు, శీతకాలంలో వచ్చి వాలే రాజహంసలు. మరొకవైపు మద్రాసుకు పోయే రైలుమార్గం. ఆ మహానగరం అక్కడికి సుమారు 80 కిలోమీటర్ల దూరం. తెలుగు సినిమాకు మద్రాసే నిలయమైన ఆ కాలంలో ఈ ప్రాంతపు యువకులకు కళాలోకపు ద్వారం కనుచూపుమేరలోనే ఉండేది.

విద్యార్థి దశలోనే ఆత్రేయకు నాటకరచనపై మక్కువ ఏర్పడింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం దేశాన్ని ఊపివేసినప్పుడు ఆయన చదువు విడిచి ఉద్యమంలో దూకి కారాగారవాసం అనుభవించారు. బయటికి వచ్చాక బ్రతుకుతెరువు వెతుక్కోవలసి వచ్చింది. సెటిల్‌మెంటు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశారు. నెల్లూరు నుంచి వెలువడే ‘జమీన్ రైతు’ పత్రికలో సహాయ సంపాదకులుగా ఉన్నారు. ఈ ఉద్యోగాలు ఆయనకు సంపదను ఇవ్వలేదు కాని, సామాన్యుని జీవితాన్ని దగ్గరగా చూపించాయి. గుమాస్తా గదిలోని దస్త్రాల మధ్య ఆయనకు మనుషులు కనిపించారు.

ఆ మనుషులే ఆయన నాటకాలలో పాత్రలై నిలిచారు. ‘ఎన్.జి.ఓ.’ నాటకం అందుకు చక్కని నిదర్శనం. నేటి విద్యార్థులు ఈ మాట వినగానే స్వచ్ఛంద సంస్థలను తలచుకుంటారు. ఆనాడు ఆ మూడక్షరాలకు అర్థం గెజిటెడ్ హోదా లేని ప్రభుత్వోద్యోగి అని. చాలీచాలని జీతంతో సంసారం ఈదలేక, అంతరాత్మను చంపుకోలేక నలిగిపోయే చిరుద్యోగి కథ అది. అంతవరకు రాజులకూ పౌరాణిక వీరులకూ పట్టం కట్టిన తెలుగు రంగస్థలంపై ఒక గుమాస్తా కథానాయకుడయ్యాడు. ‘విశ్వశాంతి’, ‘ఈనాడు’, ‘కప్పలు’, ‘భయం’ మొదలైన నాటకాలూ నాటికలూ ఆయనకు విశేషమైన కీర్తి తెచ్చాయి. పద్యాలూ రాగాలాపనలూ లేకుండా, ఇంట్లో మాట్లాడుకునే మాటలతోనే ప్రేక్షకుని కంట నీరు పెట్టించవచ్చునని ఆయన నిరూపించారు.

ఇక్కడ మనకు తిక్కన స్మరణకు రాక మానడు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో నిలిచి, విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెనిగించిన తిక్కన కవిత్వానికి ప్రాణం నాటకీయత. పాత్ర నోరు విప్పితే ఆ పాత్ర స్వభావమంతా ఆ మాటలో ద్యోతకం కావాలి. ఇది తిక్కన చూపిన మార్గం. ఏడు వందల ఏళ్ల తరువాత అదే నెల్లూరు సీమలో పుట్టిన ఆత్రేయ భారతం జోలికి పోలేదు. అయినా చిన్న మాటతో మనిషి హృదయాన్ని బయటపెట్టే విద్యలో ఆయన ఆ మార్గంలోనే నడిచారనవచ్చు.

1951లో ‘దీక్ష’ చిత్రానికి రాసిన పాటతో ఆత్రేయ సినీరంగ ప్రవేశం చేశారు. ఆ తరువాత నాలుగు దశాబ్దాల పాటు మద్రాసులోనే ఉండి కథలు, సంభాషణలు, పాటలు రచించారు. నాటక రచయిత సినిమా కవి కావడం వలన ఆయన పాటకు ఒక ప్రత్యేకత సిద్ధించింది. ఈ మాటలు ఎవరు పలుకుతున్నారు, ఎవరితో పలుకుతున్నారు, ఏ స్థితిలో పలుకుతున్నారు అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరకనిదే ఆయన కలం కదిలేది కాదు. అందుచేత ఆయన పాటను కథ నుంచి విడదీసి విన్నా, దాని వెనుక ఒక మనిషి నిలబడి ఉన్నట్లే తోస్తుంది.

కొన్ని ఉదాహరణలు పరిశీలిద్దాం. 1957లో వచ్చిన ‘తోడికోడళ్ళు’ చిత్రంలో కారులో షికారుకు వెళ్లే ఒక సంపన్న యువతిని ఉద్దేశించిన పాట ఉంది. ఆమె అనుభవించే సుఖాల వెనుక ఎందరు శ్రమజీవుల చెమట దాగివున్నదో అందులో కవి ఒక్కొక్కటిగా గుర్తుచేస్తారు. నినాదం లేదు, ఆగ్రహం లేదు. పరిహాసంగా మొదలైన మాట చివరకు వినేవారి అంతరాత్మను తాకుతుంది. 1962లోని ‘మంచి మనసులు’ చిత్రంలో చూపు లేని భార్యకు హంపి శిల్పాల సౌందర్యాన్ని భర్త పాటగా వర్ణించి చెబుతాడు. కంటితో చూడవలసిన దానిని చెవితో చూపించవలసిన సన్నివేశమది. రాతిలో శిల్పి చేసిన పనిని మాటలో కవి చేయవలసి వచ్చింది. శిథిలమైన రాజ్యాల కంటె శిల్పి చేతిపని చిరకాలం నిలుస్తుందనే సత్యాన్ని కూడ ఆ పాటలోనే ఇమిడ్చారు. విజయనగర చరిత్రను ఎన్నడూ చదవని వారు సైతం ఈ పాట వలన హంపిని తలచుకున్నారు.

1964లో విడుదలైన ‘మూగ మనసులు’ ఆత్రేయ కీర్తికి శిఖరం. గోదావరి ఒడ్డున పడవ నడిపే చదువురాని యువకుడు, ఆ పడవలో కళాశాలకు వెళ్లివచ్చే జమీందారు బిడ్డ. వారి మధ్య పైకి చెప్పుకోలేని అనురాగం ఈ కథకు మూలం. పడవవాని నోట పండితుల మాట పలికిస్తే సహజత్వం చెడుతుంది; లోతు లేని మాట పలికిస్తే కథ బరువు తగ్గుతుంది. ఆత్రేయ అతని చుట్టూ ఉండే పూలు, ఏరు, కళ్లలోని మౌనం వంటివాటినే తీసుకొని, అతడు చెప్పలేని దానిని వినేవారికి తెలిసేటట్లు చేశారు. మన ఆలంకారికులు ధ్వని అని పేర్కొన్నది ఇదే. పైకి పలికినది కొంత, లోపల స్ఫురించేది కొండంత. ఈ చిత్ర దర్శకులు ఆదుర్తి సుబ్బారావు. 1967లో ఇదే కథ ఆయన దర్శకత్వంలోనే ‘మిలన్’ పేరుతో హిందీలోకి వెళ్లింది.

ఆత్రేయ పాటల విజయంలో సంగీత దర్శకులు కె.వి. మహదేవన్‌కు గొప్ప భాగం ఉంది. ముందుగా బాణీ కట్టి, అందులో మాటలు పొదగమని కవిని అడగడం సినీరంగంలో తరచు జరిగేది. మహదేవన్ పద్ధతి వేరు. ఆయన కవి రాసిన సాహిత్యాన్ని ముందుంచుకొని, ఆ మాటల నడకను అనుసరించి వరస కట్టడానికి ఇష్టపడేవారు. మాట్లాడినట్లుగా సాగే ఆత్రేయ వాక్యాలకు ఈ పద్ధతి ఎంతో అనుకూలించింది. మాట విరగలేదు, అర్థం చెదరలేదు. ‘మంచి మనసులు’, ‘మూగ మనసులు’ వీరి మైత్రికి ఫలాలు. 1971లో వచ్చిన ‘ప్రేమనగర్’ వరకూ, ఆ తరువాత కూడ వీరి జంట తెలుగువారిని అలరించింది.

చిత్రాల పేర్లలోనే గాక ఆత్రేయ పాటలన్నిటా మనసు అనే మాట పదే పదే వినిపిస్తుంది. అందువల్లనే ప్రజలు ఆయనను మనసుకవి అని పిలుచుకున్నారు. ఈ బిరుదు ఏ సభలోనో ప్రభువు ఇచ్చినది కాదు, శ్రోతలు ఇచ్చినది. అయితే ఆ బిరుదు ఒక చిత్రమైన పొరపాటుకూ కారణమైంది. 1964 నాటి ‘డాక్టర్ చక్రవర్తి’లో వీణను ఆలంబనగా చేసుకొని ఒక స్త్రీ తన వెలితిని చెప్పుకొనే పాట ఆత్రేయది. అదే చిత్రంలో మనసుకు తోడు దొరకడమే భాగ్యమని చెప్పే పాట శ్రీశ్రీది. మనసు మాట వినిపించినందున దీనిని కూడ ఆత్రేయదేనని పొరబడినవారున్నారు. ‘తోడికోడళ్ళు’లోని శ్రమజీవుల పాటను శ్రీశ్రీ రచనగా తలచినవారు అంతకంటె ఎక్కువ. ఒకరిని మనసుకూ, మరొకరిని విప్లవానికీ పరిమితం చేసి చూడటం వలన కలిగిన భ్రాంతి ఇది. నిజానికి ఇద్దరూ రెండింటినీ పలికిన కవులు.

ఆత్రేయ జీవితంలో వైఫల్యాలు లేకపోలేదు. 1961లో ఆయన శరత్‌చంద్రుని ‘దత్త’ నవల ఆధారంగా ‘వాగ్దానం’ చిత్రానికి దర్శకత్వం వహించారు. పాటల రచయితగా తాను ప్రసిద్ధుడై ఉండి కూడ ఆ చిత్రంలో శ్రీశ్రీకీ, దాశరథికీ పాటలు రాసే అవకాశం కల్పించారు. పాటలు చిరకాలం నిలిచాయి. చిత్రం మాత్రం ఆశించిన ఆదరణ పొందలేదు. ఆయన మరల దర్శకత్వం జోలికి పోలేదు. అంతకంటె పెద్ద లోటు మరొకటి ఉంది. సినిమా ఆయనను అక్కున చేర్చుకున్నకొద్దీ నాటకం ఆయనకు దూరమైంది. ‘ఎన్.జి.ఓ.’ వంటి నాటకాలు ఆ కలం నుంచి మరికొన్ని వచ్చి ఉంటే తెలుగు రంగస్థల చరిత్ర మరొక విధంగా ఉండేదేమో! సినీకవిగా మనకు ఆత్రేయ లభించడానికి తెలుగు నాటకరంగం చెల్లించిన మూల్యమది.

రచనలో ఆయన చేసే ఆలస్యం సినీరంగంలో ఒక కథగా ప్రచారమైంది. రాయకుండా నిర్మాతలనూ, రాసి ప్రేక్షకులనూ ఏడిపిస్తారని ఆయన గురించి చమత్కారంగా చెప్పుకొనేవారు. గాయకులు, వాద్యకారులు వేచివుండగా పల్లవి కోసం ఆయన గంటల తరబడి మౌనంగా కూర్చునేవారట. ఈ ఆలస్యం వలన నిర్మాతలకు కలిగిన ఇబ్బందిని తేలికగా తీసుకోలేము. కాని తేలికైన మాట దొరకడం ఎంత కష్టమో రచన చేసినవారికి తెలుస్తుంది. కఠిన పదాన్ని నిఘంటువులో వెతకవచ్చు. అందరికీ తెలిసిన మాటను ఎవరూ వాడని చోట వాడాలంటే జీవితంలోనే వెతకాలి.

తరువాతి కాలంలో కొన్ని చిత్రాల అవసరాలకు తలవంచి, శృంగారం శ్రుతిమించిన పాటలు రాశారనే విమర్శను కూడ ఆత్రేయ ఎదుర్కొన్నారు. ఆ విమర్శ నిరాధారం కాదు. అయినా 1978లో ‘మరో చరిత్ర’, 1988లో ‘అభినందన’ వంటి చిత్రాలకు ఆయన రాసిన పాటలు ఆ కలం వన్నె తగ్గలేదని చాటాయి. అరవై దాటిన వయసులో రాసిన ‘అభినందన’ పాటలు ఇరవైయేళ్ల యువకుల గుండెచప్పుడుగా వినిపించడం విశేషం.

వెయ్యికి పైగా పాటలు రాసిన ఆత్రేయ 1989 సెప్టెంబరు 13వ తేదీన కన్నుమూశారు. ఆయన రచనలు అనేక చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. ప్రసిద్ధ నటుడు, సాహిత్యాభిమాని అయిన కొంగర జగ్గయ్య పూనుకొని వాటిని సేకరించి ఏడు సంపుటాలుగా వెలువరించారు. మిత్రుని పట్ల ఆయన చూపిన ఈ శ్రద్ధ లేకపోతే, ఆత్రేయ పాటలు గాలిలో నిలిచినా గ్రంథస్థం కాకుండా పోయేవి.

సినిమా పాట సాహిత్యమా కాదా అనే చర్చ పండితులలో చాలాకాలం సాగింది. ఆత్రేయ పాట ఆ చర్చకు తనదైన రీతిలో సమాధానం చెబుతుంది. చదువుకున్నవానినీ, చదువురానివానినీ ఒకే మాటతో కదిలించి, వారి సుఖదుఃఖాలలో తోడుగా నిలిచినది సాహిత్యం కాకపోతే మరేది సాహిత్యం? ఈసారి మీ ఇంటిలోని పెద్దలు పాత పాటను కూనిరాగం తీస్తున్నప్పుడు ఆ మాటలను శ్రద్ధగా వినండి. రాసినవారెవరని అడగండి. వారికి తెలియకపోతే మీరు వెతికి చెప్పండి. పాటను కాపాడుకున్న జాతి, పాట రాసిన కవి పేరును కూడ కాపాడుకోవడం న్యాయం.