మాయాస్వర్గమును చూపిన కథకుడు

కంటికి ఇంపైనదెల్ల మేలు చేయునది కాదని మన పెద్దలు చెప్పుదురు. బంగారు లేడిని చూచి సీతాదేవి మోసపోయిన కథను మనము పసితనము నుండియు వినుచున్నాము. ఆ నీతినే గ్రహాంతరముల కథలుగా మలచి, టెలివిజను ద్వారమున అమెరికా ప్రజలకు ఇంటింట వినిపించిన రచయిత రాడ్ సెర్లింగ్. ఆయన జీవితమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపనెంచితిమి.

రాడ్ సెర్లింగ్ 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి సిరక్యూస్ నగరమున, ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి శామ్యూల్, తల్లి ఎస్తర్. బాల్యమంతయు బింగ్‌హమ్‌టన్ అను చిన్న పట్టణమున గడచెను. తండ్రి అచట అంగడి నడపి కుటుంబమును పోషించెను. బాలుడు గొప్ప వాచాలుడు. ఒకమారు కారులో దూరప్రయాణము చేయుచు, వీడెప్పుడు ఊరకుండునో చూతమని ఇంటివారందరు మౌనము వహింపగా, ఆ సంగతియే గమనింపక దారి పొడవున తానొక్కడే మాటలాడుచు పోయెనట!

ఉన్నత పాఠశాలలో ఆయన పాఠశాల పత్రికకు సంపాదకుడుగా నుండెను. వక్తృత్వమునందును పేరు గాంచెను. హెలెన్ ఫోలీ అను ఉపాధ్యాయిని ఆ బాలుని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. ఆమె పేరును ఆయన మరువలేదు; 1960లో తాను వ్రాసిన ఒక నాటికలో ఉపాధ్యాయిని పాత్రకు ఆ పేరే పెట్టెను. అయితే ఆ పాఠశాల దినములలోనే ఒక విద్యార్థి సంఘము, యూదుడను కారణమున ఆయనను చేర్చుకొనలేదు. నిత్యము తమతో ఆడి పాడిన తోటివారే తలుపు మూసిన ఆ అనుభవము ఆయన మనస్సున నాటుకొనిపోయెను.

1943లో చదువు ముగియగనే ఆయన సైన్యమున చేరి పారాచూట్ దళమున శిక్షణ పొందెను. పొట్టివాడైనను పట్టుదలలో ఎవరికిని తీసిపోలేదు. ఫిలిప్పైన్ ద్వీపములందలి లేతే, మనీలా యుద్ధములలో పోరాడి గాయపడెను. లేతేలో ఒకనాడు విమానములు ఆకలితోనున్న సైనికులకు ఆహారపు పెట్టెలను జారవిడుచుచుండ, వానిలో నొకటి మీదపడి ఆయన మిత్రుడు కన్నుల యెదుటనే మరణించెను. ప్రాణము నిలుప వచ్చినదే ప్రాణము తీసెను! మేలు కీడుల నడుమ గల గోడ యెంత పలుచనిదో ఆ యువకుడు ఆనాడే కనుగొనెను. 1945లో తండ్రి గుండెజబ్బుతో మరణించినపుడు అంత్యక్రియలకు పోవుటకు సెలవు దొరకలేదు. యుద్ధపు పీడకలలు ఆయనను జీవితాంతము వెంటాడినవి.

యుద్ధానంతరము ప్రభుత్వము మాజీ సైనికులకిచ్చిన విద్యాసహాయముతో ఓహాయో రాష్ట్రమందలి అంటియోక్ కళాశాలలో చేరి, 1950లో పట్టము పొందెను. అచటనే పరిచయమైన కేరల్ క్రామర్ అను ఆమెను 1948లో వివాహమాడెను. పిదప సిన్సినాటి నగరపు రేడియోలో పని చేయుచు, రాత్రులు మేల్కొని నాటికలు వ్రాసెను. డెబ్బదికి పైగా నాటికలు వ్రాసిన తరువాత, 1955 జనవరిలో ప్రసారమైన ప్యాటర్న్స్ అను నాటిక ఆయనను ఒక్క రాత్రిలో ప్రసిద్ధుని చేసెను. ఒక వాణిజ్య సంస్థలో వృద్ధోద్యోగి పడు అవమానములే దాని కథ. ఆ దినములలో నాటికలను నటులు అప్పటికప్పుడు ఆడుచుండగనే ప్రసారము చేయుచుండిరి. జనుల కోరికపై నెల తిరుగకముందే దానిని మరల ఆడిరి. మరుసటి యేట ఒక ముష్టియుద్ధ వీరుని పతనమును గూర్చి వ్రాసిన నాటిక ఆయన కీర్తిని ఇనుమడింపజేసెను.

కీర్తి వచ్చెను, ధనము వచ్చెను. కాని స్వేచ్ఛ రాలేదు. 1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రమున ఎమెట్ టిల్ అను 14 ఏండ్ల నల్లజాతి బాలుని తెల్లవారు దారుణముగా చంపిరి. నిందితులను న్యాయస్థానము విడిచిపెట్టెను. హృదయము మండి సెర్లింగ్ ఆ విషయముపై నాటిక వ్రాసెను. ప్రకటనల ధనముతో నడచు కార్యక్రమమగుటచే ధనమిచ్చువారు భయపడిరి. హతుడు ఎవరో విదేశీయుడుగా మారెను. ఊరు ఉత్తరమునకు తరలెను. దక్షిణ రాష్ట్రములను జ్ఞప్తికి తెచ్చునని కోకాకోలా సీసాలను గూడ తొలగించిరట! 1956లో ప్రసారమైన ఆ నాటికలో తాను చెప్పదలచినది మిగులలేదు.

అప్పుడాయనకు ఒక ఉపాయము తట్టెను. భూమిపై మనుష్యుల చేత పలికింపరాని సత్యమును అంగారకవాసుల చేత పలికించినచో ఎవరును అడ్డుచెప్పరు గదా! మన పంచతంత్రకారుడు నక్కల చేత, సింహముల చేత రాజనీతిని చెప్పింపలేదా? ఆ విధముగా 1959 అక్టోబరు 2వ తేదీన ట్వైలైట్ జోన్ అను కార్యక్రమము మొదలయ్యెను. సంధ్యామండలమని దాని పేరునకర్థము చెప్పుకొనవచ్చును. 1964 వరకు సాగిన 156 కథలలో 92 ఆయన వ్రాసినవే.

వానిలో 1960 మార్చిలో ప్రసారమైన కథను ఇచట చెప్పుదుము. పాల్ ఫెయిర్‌మన్ అను రచయిత కథానికను సెర్లింగ్ నాటికగా మలచెను. ఇరువురు మానవులు అంగారక గ్రహమునకు పోవుదురు. ఒకడు ధీరుడు, ఎచటనైనను మనుష్యులు ఒక్కటేయని నమ్మినవాడు. రెండవవాడు భీరువు. నౌక కూలి మొదటివాడు మరణించును. వణకుచు వెలుపలికి వచ్చిన రెండవవానికి సౌమ్యులు, సుందరులునైన జనులు కానవత్తురు. వారు ఆదరించి, అచ్చముగా భూలోకమందలి ఇంటివంటి ఇల్లు కట్టియిత్తురు. అతడు స్వర్గము చేరితినని మురియును. కొంతసేపటికి చూడగా ఇంటికి కిటికీలు లేవు, తలుపులు తెరచుకొనవు. అంతలో ఒక గోడ తొలగును. ఇనుప కటకటాలు, వానికావల వింతగా చూచు జనసమూహము! అది ఇల్లు కాదు, జంతుప్రదర్శనశాలలోని బోను. మనుష్యులు ఎచటనైనను ఒక్కటేయన్న మిత్రుని మాట ఎంత నిజమో అతనికప్పుడు తెలియును. వింతజీవిని బోనులో పెట్టి వినోదించుట మనమును చేయుపనియే గదా!

1962లో ప్రసారమైన మరియొక కథ డామన్ నైట్ అను రచయిత కథానిక ఆధారముగా వ్రాసినది. ఆకాశము నుండి దిగిన మహాకాయులు భూమిపై ఆకలిని, యుద్ధములను మాన్పి, సుఖమయమైన తమ లోకమునకు మానవులను ఆహ్వానింతురు. వారి గ్రంథము పేరు మానవసేవకు సంబంధించినదని తెలిసి జనులు సంతోషముతో నౌకలెక్కుదురు. తుదకు అది పాకశాస్త్రమని బయటపడును! సేవ చేయుట, వడ్డించుట అని ఆ ఆంగ్లపదమునకు రెండర్థములు. మన భాషయందును సేవించుట యనిన కొలుచుటయు నగును, ఆరగించుటయు నగును గదా!

1965లో మారినర్ 4 అను నౌక అంగారకుని చేరువగా పోయి చిత్రములు పంపగా, అచట నగరములు గాని జనులు గాని లేరనియు, గుంటలు పడిన బీడునేలయే యున్నదనియు లోకమునకు తెలిసెను. అయినను ఆ కథ పాతబడలేదు. ఏలయనగా అది అంగారకుని గూర్చినది కాదు, మనలను గూర్చినది.

పిదప ఆయన 1968లో వెలువడిన ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ చలనచిత్ర రచనలో పాల్గొనెను. ఇథాకా కళాశాలలో విద్యార్థులకు రచన బోధించెను. ఆరు ఎమ్మీ బహుమానములు పొందెను. కాని ఒక విషయము చెప్పక తప్పదు. ఆయనకు సిగరెట్టు ప్రాణసమానము. టెలివిజను తెరపై కథను పరిచయము చేయునపుడును చేత సిగరెట్టు వెలుగుచుండెడిది. ఆ కార్యక్రమమునకు ధనమిచ్చినవారిలో సిగరెట్ల సంస్థయు నుండెను. గుండె చెడి, శస్త్రచికిత్స అనంతరము 1975 జూన్ 28వ తేదీన రోచెస్టరు నగరమున, 50 ఏండ్లకే కన్నుమూసెను. పరుల కన్నులు తెరపించినవాడు తన చేతిలోని మాయాసుఖమును మాత్రము విడువలేకపోయెను.

దీనిని ఆయన కీర్తికి మచ్చగా మేము చెప్పుట లేదు. ఆయన కథలకు చివరి కథగా చెప్పుచున్నాము. విద్యార్థులారా! ఎవరైనను మీకు అందమైన ఇంటిని చూపినపుడు సంతోషింపుడు; కాని లోపల కాలిడుటకు ముందు దానికి కిటికీలున్నవేమో, తలుపు లోపలి నుండి తెరచుకొనునేమో పరీక్షింపుడు. కటకటాల కీవల నిలిచి చూచువారు మీరే యైనచో, లోపలివాడును మీవంటివాడేయని మరువకుడు.