ఇసుకలో పూడ్చిన కారు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక లిబర్టీ అనే అమెరికన్ విమాన ఇంజిన్లు వేల సంఖ్యలో మిగిలిపోయాయి. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు, దాదాపు 400 హార్స్‌పవర్. గార్ వుడ్ వంటివారు వాటిని రేసు పడవలకు బిగించారు. ఇంగ్లండ్‌లో కౌంట్ లూయీ జ్బరోవ్‌స్కీ ఒకదాన్ని కారులో పెట్టించాడు. 1924లో మోంజా రేసులో ఆయన చనిపోవడంతో ఆ కారు అమ్మకానికి వచ్చింది. దాన్ని 125 పౌండ్లకు కొన్నవాడు జాన్ గాడ్‌ఫ్రీ పారీ థామస్.

1884లో వేల్స్‌లోని రెక్స్‌హామ్‌లో పుట్టిన థామస్ మొదట ఇంజనీరు, తర్వాతే రేసరు. మన అశోక్ లేలండ్ పేరులో మిగిలిన ఆ బ్రిటిష్ లేలండ్ కంపెనీకి ఆయన చీఫ్ ఇంజనీరు. అక్కడ లేలండ్ ఎయిట్ అనే ఖరీదైన కారును రూపొందించాడు. తర్వాత కొలువు వదిలి బ్రూక్‌లాండ్స్ ట్రాక్ దగ్గరే ఉంటూ రేసుల్లో పడ్డాడు.

పాత కారుకు ‘బాబ్స్’ అని పేరు పెట్టి, కొత్త పిస్టన్లు, నాలుగు కార్బురేటర్లు అమర్చాడు. 1926 ఏప్రిల్‌లో వేల్స్‌లోని పెండైన్ సముద్రతీరంలో గంటకు 171.02 మైళ్లు, అంటే 275 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు సాధించాడు. పెద్ద కంపెనీల అండ లేని మనిషి, యుద్ధం మిగిల్చిన ఇంజిన్‌తో సాధించిన విజయమది.

అయితే చౌకగా దొరికింది ఇంజిన్ శక్తి మాత్రమే. ఆ శక్తిని తట్టుకోవాల్సిన చాసిస్, గొలుసులు, చక్రాలు వేరే కాలానివి. 1927 ఫిబ్రవరిలో మాల్కమ్ క్యాంప్‌బెల్ అదే తీరంలో 174.88 మైళ్లతో రికార్డు లాక్కున్నాడు. ఆయన వాడిందీ విమాన ఇంజినే. కానీ కారు మాత్రం రికార్డు కోసమే ప్రత్యేకంగా కట్టింది. దాన్ని దాటాలని మార్చి 3న మళ్లీ బయలుదేరిన థామస్, బాబ్స్ బోల్తా పడి మరణించాడు. అప్పటికి 42 ఏళ్లు. గొలుసు తెగి తగలడమే కారణమని చాలాకాలం నమ్మారు. వెనుక చక్రమే ముందు విరిగి ఉంటుందని తర్వాత పరిశీలించినవారు భావించారు.

కారును ఆ ఇసుకలోనే పూడ్చేశారు. సరిగ్గా 42 ఏళ్ల తర్వాత, 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అనే అధ్యాపకుడు దాన్ని తవ్వి తీసి, ఏళ్ల తరబడి శ్రమించి మళ్లీ నడిచేలా చేశాడు. ఇప్పుడు బాబ్స్‌ను చూసేవాళ్లు ముందు ఆ భారీ ఇంజిన్ దగ్గర ఆగుతారు. థామస్ కథ తెలిసినవాళ్లు మాత్రం వెనుక చక్రాలను కూడా చూసి వెళ్లాలి.